పదిహేను గజాల అద్దె

గత నెలలో ఒకే వారంలో నా కారును మూడు ఊర్లలో నిలపవలసి వచ్చింది. మొదటిది కర్నూలులో ప్రైవేటు ఆసుపత్రులు వరుసగా ఉన్న ఒక వీధి. మా అమ్మను కీళ్ళ డాక్టరుకు చూపించడానికి ఎమ్మిగనూరు నుంచి తీసుకుపోయాను. ఆ వీధిలో బండి పెట్టినందుకు ఎవరూ పైసా అడగరు, అయితే పెట్టడానికి చోటు దొరకదు. అమ్మను మెట్ల దగ్గర దింపి, ఆ వీధినీ దాని వెనక వీధినీ ఐదుసార్లు చుట్టి, చివరికి అర కిలోమీటరు దూరంలో మూసి ఉన్న ఒక గోదాము ముందర నిలిపి నడిచి వచ్చేసరికి ఆమె టోకెను నంబరు దాటిపోయింది. రెండోది ఒక పుణ్యక్షేత్రం, పేరు చెప్పను. ఊరి మొదట్లోనే రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, రసీదు పుస్తకం పట్టుకొని నిలబడ్డ కుర్రవాడు "రసీదైతే యాభై, వద్దంటే ముప్పై" అన్నాడు. మూడోది ఒక చిన్న పట్టణంలో బస్టాండు పక్కనున్న మైదానం. నా కారు కాక అక్కడ రెండు మేకలు, ఒక తుప్పుపట్టిన ట్రాక్టరు ట్రాలీ మాత్రమే ఉన్నాయి. అయినా 20 రూపాయలు వసూలు చేశారు.

ఆదోనిలో బాడుగ కారు నడిపే మా బావకు ఈ మూడు సంగతులూ చెప్పినప్పుడు ఆయన తడుముకోకుండా తీర్పు ఇచ్చేశాడు. "ఈ గోలంతా ఎందుకప్పా? జిల్లా అంతటికీ ఒకటే రేటు పెట్టి ఊరూరా బోర్డు రాసి పెట్టమను. బస్సు టికెట్టు మాదిరి ఉండల్ల." వారానికి నాలుగు రోజులు మంత్రాలయానికో మహానందికో శ్రీశైలానికో యాత్రికులను తిప్పే మనిషి ఆయన, పార్కింగ్ దగ్గర జరిగే తగువులు నాకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అప్పటికి నేనూ అవునన్నాను. ఇంటికి వచ్చి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసిన కొద్దీ అందులో న్యాయం కనిపించడం తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: ఊరు పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ధర కట్టకూడదు; ఆ చోట, ఆ గంటలో నేలకు ఎంత గిరాకీ ఉందో దాన్ని బట్టి కట్టాలి; చోటు ఖాళీగా పడి ఉంటే ఏమీ తీసుకోకూడదు; తీసుకున్నది ఆ చోటికే ఖర్చు చేయాలి. చెప్పడానికి నాలుగు ముక్కల్లో తేలిపోయింది గానీ, ఒక్కొక్క ముక్క దగ్గరా నాకు సందేహాలు అడ్డుపడ్డాయి.

బస్సు టికెట్టు పోలిక

బస్సు టికెట్టుతో మనం కొనేది దూరం. హొళగుందలో కిలోమీటరు కర్నూలులో కిలోమీటరు కన్నా పొట్టిది కాదు కనుక దానికి ఒకే ధర ఉండటం సబబే. పార్కింగ్ రుసుముతో కొనేది నేలను, అదీ గంటల లెక్కన. కారు నిలపడానికి గీసే గడి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటుంది, అంటే 12.5 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 15 గజాలు. బండి లోపలికీ బయటికీ తిరగడానికి కావలసిన జాగా కూడా కలిపి ప్రణాళికల్లో ఒక కారుకు 23 చదరపు మీటర్లు లెక్కగట్టడం ఉంది. అది అర సెంటు పైమాటే. కర్నూలు రాజ్‌విహార్ దగ్గర అర సెంటూ, కోసిగి దాటాక రోడ్డు పక్కన అర సెంటూ ఒకే విలువ చేస్తాయని రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరైనా అంటే అందరూ నవ్వుతారు. పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మాట సమానత్వం అనిపించుకుంటోంది. పార్కింగ్ రుసుము బండి ఆక్రమించిన నేల విలువకు తగినట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అది చదివినవాళ్ళు మన వీధుల్లో ఎక్కడా కనిపించరు.

అయితే బావ మాటలో బలం లేకపోలేదు. తరచి చూస్తే ఆయనకు కావలసింది ముందే తెలిసిన ధర. యాత్రికులతో ఒక మొత్తానికి మాట్లాడుకొని బయలుదేరిన డ్రైవరు, దారిలో తాడు కట్టిన ప్రతిచోటా అడిగినంత తన జేబులోంచి పెట్టుకోవాలి. ఊరికొక రేటు ఉన్నప్పుడు ఎక్కడ న్యాయంగా తీసుకున్నారో ఎక్కడ లాగేశారో ఆయన తేల్చుకోలేడు. ఒకే రేటు ఉంటే వేలు పెట్టి చూపించగలడు. ఈ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ అందుకు రేట్లన్నీ ఒకటి కానక్కరలేదు, దూరం నుంచే కనపడే బోర్డు ఉండి, దాని మీద రాసినదానికి కట్టుబడే మనిషి ఉంటే చాలు. దోసె ధర హోటలు హోటలుకూ వేరుగా ఉన్నా మనం మోసపోయామనుకోము, గోడ మీద పట్టిక ఉంటుంది కనుక.

ఒకే రేటు కుదరదంటే వెంటనే వినిపించే రెండో సలహా హోదాను బట్టి శ్లాబులు పెట్టడం: నగరపాలక సంస్థలో ఇంత, పురపాలక సంఘంలో ఇంత, పంచాయతీలో ఇంత. ఈ పద్ధతి ఎట్లా ఉంటుందో సినిమా టికెట్ల దగ్గర చూశాం. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 సరిగ్గా ఇట్లాగే స్థానిక సంస్థల హోదాల వారీగా ధరలు కట్టింది. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలులో ఎకానమీ టికెట్టు 5 రూపాయలు. మరుసటి ఏడాది మార్చిలో ఆ ధరలను మార్చవలసి వచ్చింది. పార్కింగుకు ఈ పద్ధతి ఇంకా తక్కువ నప్పుతుంది. మంత్రాలయం కాగితాల మీద గ్రామ పంచాయతీ. గురువారాల్లోనూ, శ్రావణంలో ఆరాధన రోజుల్లోనూ అక్కడికి వచ్చే కర్ణాటక నంబరు బండ్లను చూసినవారెవరూ దాన్ని పల్లె అని అనరు. కౌతాళం మండలంలోని ఉరుకుంద అంతకన్నా చిన్న ఊరు. ఈరన్నస్వామి దర్శనానికి శ్రావణమాసమంతా జనం విరగబడి వస్తారు, ఆ తర్వాత ఊరు మళ్ళీ మామూలుగా తన పొలం పనుల్లో పడిపోతుంది. శ్లాబుల ప్రకారం ఈ రెండు ఊర్లకూ ఏడాది పొడవునా అట్టడుగు ధరే. అదే కర్నూలు నగరపాలక సంస్థ పరిధిలో, మిట్టమధ్యాహ్నం కుక్కలు నడిరోడ్డు మీద నిద్రపోయే కాలనీలు ఎన్నో ఉన్నాయి. అక్కడ నగరపు ధర దేనికి?

జిల్లాను కొలతగా తీసుకోవడంలోనూ చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మహానంది, అహోబిలం, యాగంటి, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి పోయాయి. మా బావ బండి ఎక్కినవాళ్ళు పొద్దున మంత్రాలయంలో దర్శనం చేసుకొని రాత్రికి మహానంది చేరుతారు. జిల్లా సరిహద్దు ఎక్కడ దాటారో వాళ్ళకు తెలియదు, తెలియవలసిన పనీ లేదు. చట్టం చూపు కూడా ఈ విషయంలో వింతగానే ఉంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. వీధి దీపాలు, బస్టాపులతో పాటు పార్కింగ్ స్థలాలను అక్కడ పేరు పెట్టి చెప్పారు. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నా, రోడ్లు, సంతలు, తిరునాళ్ళు కనిపిస్తాయి గానీ పార్కింగ్ అన్న మాట కనిపించదు. 1992లో ఈ రెండు షెడ్యూళ్ళనూ చేర్చిన రాజ్యాంగ సవరణలు చేసినవారు పల్లెకు కార్లు బారులు తీరి వస్తాయని ఊహించి ఉండరు. వాళ్ళను తప్పు పట్టలేం. కర్నూలు రాజధానిగా ఉన్న 1953–56 కాలంలో ఉద్యోగుల కోసం ఎ, బి, సి క్యాంపులు వేసినప్పుడు ఇంటికొక కారు వస్తుందని కూడా ఎవరూ అనుకొని ఉండరు.

వందలో పదిహేను ఖాళీ

మరి ధర ఎంత ఉండాలి? నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు అమెరికాలో లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన డొనాల్డ్ షూప్. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. వంద గడులున్న వీధిలో ఏ వేళకైనా సుమారు 85 నిండి, 15 ఖాళీగా ఉండేట్టు చేసే ధర ఏదో అదే సరైన ధర అని ఆయన లెక్క. అన్నీ నిండిపోతుంటే ధర చాలలేదని, సగం ఖాళీగా ఉంటే ధర ఎక్కువైందని అర్థం. శాన్ ఫ్రాన్సిస్కో నగరం 2011లో దీన్ని ఆచరణలో పెట్టి, వీధి వీధికీ పూట పూటకూ ధరను వేరుచేసి, బండ్ల రద్దీని బట్టి గంటకు 25 సెంట్ల చొప్పున పెంచుతూ తగ్గిస్తూ పోయింది. (వాళ్ళ సెంటు చిల్లర నాణెం, మన సెంటు నేల. నేలను చిల్లరగా మార్చడమే ఈ వ్యాసం విషయం కాబట్టి రెండూ ఇక్కడ కలిసినా ఫరవాలేదు.) అక్కడ ధర పెరిగిన వీధులతో పాటు తగ్గిన వీధులూ చాలా ఉన్నాయన్నది మన దగ్గర ఎవరూ చెప్పని సంగతి. మనకు ధర మారడం అంటే పెరగడమే.

వాళ్ళు నేలలో సెన్సర్లు పాతారు. మనకు అంత హంగు అక్కరలేదు. రోజుకు మూడు పూటలా ఒక మనిషి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి ఎన్ని గడులు నిండాయో నోటుపుస్తకంలో రాసుకుంటే, మూడు నెలల్లో ధర సరిదిద్దుకోవడానికి కావలసిన లెక్క చేతికి వస్తుంది. నేను ఒక పూట ఆ పని చేసి చూశాను. తరువాతి వారం అమ్మను రక్తపరీక్షకు తీసుకుపోయినప్పుడు అదృష్టం బాగుండి అదే వీధిలో చోటు దొరికింది. ఎదురుగా టీ బంకు దగ్గర రెండు గంటలు కూర్చుంటే, నా బండి కాక నా కళ్ళ ముందున్న ఏడు కార్లలో కదిలింది ఒక్కటే. తక్కిన ఆరింటిలో ఒకటి పక్కనే ఉన్న మందుల దుకాణం యజమానిది. "గిరాకీ పడిపోయింది సార్, బండి పెట్టుకోను జాగా లేక జనం అట్లే పోతాండారు" అని ఆయన నాతో వాపోతున్నంతసేపూ ఆయన కారు ఆయన దుకాణం ముందరే నిలిచి ఉంది. ఆయనను తప్పు పట్టను. ఉచితంగా దొరికే పదిహేను గజాలను వదులుకొని ఎవరు దూరం పోతారు? గంటకు 20 రూపాయలైతే, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 240 రూపాయలు కట్టడం ఇష్టం లేక ఆయన రేపటి నుంచి స్కూటరు మీద వస్తాడు. ఆ గడి రోజులో ఎంతోమంది రోగులకు అక్కరకు వస్తుంది. స్కూటర్ల దగ్గర నేను ఏమీ తీసుకోవద్దంటాను. ఒక కారు చోటులో అవి ఐదారు పడతాయి.

షూప్ లెక్కలో లేని సంగతి ఒకటి మన సీమలో ఉంది, అది నీడ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43 డిగ్రీలు దాటే రోజుల్లో గడులన్నీ ఒకటి కావు. వేపచెట్టు కింది గడి కోసం పొద్దున్నే వచ్చి బండి పెట్టి పోయేవాళ్ళున్నారు. పక్కనే ఎండలో గడి ఖాళీగా ఉన్నా అటు చూడరు, మధ్యాహ్నం స్టీరింగు ముట్టుకుంటే చేయి కాలుతుంది కనుక. రద్దీని కొలిచే మనిషి చెట్టును కూడా లెక్కలో వేసుకోవాలి. నన్నడిగితే నీడ గడికి 5 రూపాయలు ఎక్కువ తీసుకొని, ఆ డబ్బుతో వరుస వెంబడి కానుగ మొక్కలు పెట్టించమంటాను.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా వేధించిన సందేహం రోగుల గురించి. ఆసుపత్రి వీధిలో ధర పెట్టడం అంటే జబ్బు మీద ధర పెట్టినట్టు కాదా? కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికీ, ఊర్లోని ప్రైవేటు ఆసుపత్రులకూ మన జిల్లాల నుంచే కాక గద్వాల వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. వాళ్ళలో బాడుగ బండి మాట్లాడుకొని వచ్చేవాళ్ళు ఎందరో. సొంత కారు ఉన్నవాడికన్నా, అప్పు తెచ్చిన డబ్బుతో బాడుగ కట్టి రోగిని తెచ్చిన రైతు చేతిలో ఉండేది తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2018లో మాల్స్, మల్టీప్లెక్సుల పార్కింగులో మొదటి అరగంటను ఉచితం చేసింది. హైదరాబాదు పోయినప్పుడు ఆ అరగంట హాయిగానే అనిపిస్తుంది గానీ, ఆసుపత్రిలో అరగంటకు టోకెను కూడా పిలవరు. డాక్టరు పరీక్షలు రాసి, అవి చేయించుకొని, ఫలితాలు పట్టుకొని మళ్ళీ ఆయన గది ముందు కూర్చునేసరికి పొద్దు వాలుతుంది. గంటగంటకూ పెరిగే ధర పెడితే, ఆలస్యం చేసిన ఆసుపత్రి హాయిగా ఉంటుంది, కాచుకొని కూర్చున్న రోగి జేబు మాత్రం చిల్లుపడుతుంది.

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ద్వారం ముందర పది నిమిషాలు రోగిని దింపుకోవడానికి ఎప్పుడూ ఖాళీగా ఉంచే రెండు మూడు గడులు, దగ్గరి గడులకు గట్టి ధర, పది నిమిషాల నడకలో ఉచిత మైదానం: ఈ మూడూ ఒకేసారి రావాలి. మైదానం చూపించకుండా ధర ఒక్కటే పెడితే నేనే మొదట అడ్డం నిలబడతాను. ఇంకో సంగతి, సెల్లార్లది. ప్లాన్లలో సెల్లారును పార్కింగుకని చూపించి, కట్టడం పూర్తయ్యాక అందులో ల్యాబో మందుల దుకాణమో తెరవడం ఈ రాష్ట్రంలో కొత్త సంగతేమీ కాదు. ఒక భవనంలో కార్లు దిగడానికి కట్టిన వాలుదారి అట్లాగే ఉంది. దాని చివర షట్టరు వేసి రక్తపరీక్షల కేంద్రం నడుపుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ వాలులో గోడ పట్టుకొని దిగుతుంటే, ఆమె నడుస్తున్నది పది కార్లు నిలవవలసిన చోటని నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. అక్కడ నిలవవలసిన కార్లే బయట వీధిలో ఉన్నాయి. ముందు సెల్లార్లు ఖాళీ చేయించకుండా వీధిలో డబ్బు వసూలు చేయడం ఏ మొహం పెట్టుకొని అని ఎవరైనా అడిగితే నేను తల వంచుకుంటాను. అయినా, మొదటిది జరిగేదాకా రెండోది ఆపుదామంటే రెండూ జరగవన్న భయం కూడా నాకుంది.

అరటిపండ్ల బండి

కార్ల మీద ధర అనగానే మధ్యతరగతి మీద భారం అన్న మాట వస్తుంది. నేనూ ఆ తరగతివాణ్ణే, ఈఎంఐ ఇంకా కడుతున్నవాణ్ణే. కానీ ఆ టీ బంకు పక్కన అరటిపండ్ల తోపుడుబండి పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆమె రోజూ తైబజారు, అంటే వీధిలో అమ్ముకున్నందుకు రుసుము, కడుతుందని, ఆ చీటీని గెల కింద గోనెసంచిలో దాచుకుంటుందని మాటల్లో తెలిసింది. ఆమె బండి మహా అయితే మూడు గజాలు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం అటువంటివారికి గుర్తింపునూ చోటునూ హామీ ఇస్తూనే, వాడుకున్న సౌకర్యాలకు రుసుము కట్టడాన్ని వారి బాధ్యతల్లో చేర్చింది. బతుకుదెరువుకు మూడు గజాలు వాడుకునే మనిషి కడుతున్న వీధిలోనే, పగలంతా కదలకుండా నిలబడే బండికి పదిహేను గజాలు ఊరికే ఇస్తున్నాం. ఆ తేడా గురించి ఆమె ఒక్క మాట అనలేదు. ఆమె నన్ను అడిగింది వేరు: "సార్, మీ కారు రవ్వంత ముందుకు తీస్తారా? నా బండి రోడ్డు మీదికి కనపడకుండా ఉండాది." పొద్దున చోటు దొరికిందన్న సంబరంలో నేను ఆమె అంగడికి అడ్డంగా పెట్టిన సంగతే చూసుకోలేదు. కారు తీశాను. అరడజను పండ్లు కూడా కొన్నాను, అది ప్రాయశ్చిత్తం అనుకోవచ్చు.

గుత్తకిచ్చిన తాడు

పుణ్యక్షేత్రంలో తాడు దగ్గరి కుర్రవాడి మీద మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అతను చెప్పిన యాభైకీ ముప్పైకీ ఆ నేలతో ఏ సంబంధమూ లేదు, అవి వేలంపాట నుంచి పుట్టిన అంకెలు. ఏడాదికి ఇంత అని పాట పాడి వసూలు హక్కు తీసుకున్న గుత్తేదారు, పాట మొత్తాన్నీ కుర్రవాళ్ళ కూలినీ తన లాభాన్నీ జనం వచ్చే ఆ కొద్ది రోజుల్లోనే రాబట్టుకోవాలి. అతనికి బండ్లు ఎంత ఇరుకుగా, ఎంతసేపు నిలిచినా ఒకటే. రసీదు చింపినచోటికి అతని పని అయిపోయింది. చిన్న పట్టణంలో మేకల మైదానంలో నా దగ్గర తీసుకున్న 20 రూపాయలకు కూడా కారణం ఇదే. పాట పాడాక ఖాళీ మైదానమైనా ఊరికే వదలడు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు పన్నుకూ రుసుముకూ ఉన్న తేడాను చెబుతూ, రుసుము అన్నది చెల్లించినవారికి అందే సేవకు ప్రతిఫలమని వివరించింది. తర్వాతి తీర్పులు ఆ లెక్కను కొంత సడలించినా మూలసూత్రం అదే. ఆ మైదానంలో నాకు అందిన సేవ ఏమిటని వెతికితే, నీడ లేదు, కాపలా లేదు, మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, రసీదు అడుగున మాత్రం వాహనానికి బాధ్యత వహించమని అచ్చువేసి ఉంది.

గుత్త పద్ధతి పోవాలని నేను ఒక మాజీ సర్పంచు దగ్గర అంటే ఆయన కొంచెం జాలిగా నవ్వాడు. వేలం వేస్తే డబ్బు ముందే చేతికి వస్తుందని, దానితో ఊరికి బోరు మోటారైనా బాగుచేయించవచ్చని, సొంతంగా వసూలు చేయిస్తే ఆ రసీదులు లెక్కపెట్టడానికి పంచాయతీలో మనిషే లేడని ఆయన చెప్పాడు. "గుత్తేదారు తింటే ఒకడే తింటాడు, మనం పెడితే పదిమంది తింటారు." ఆయన మాట నాకు నచ్చలేదు, దాన్ని కొట్టిపారేయనూ లేకపోయాను. పండుగ పది రోజులకు రోజుకూలి మీద మనుషులను పెట్టుకొని, డబ్బు పంచాయతీ ఖాతాకు ఫోన్ ద్వారా నేరుగా పోయేట్టు చేస్తే చేతివాటం చాలావరకు తగ్గుతుందని నేనన్నాను. తిరునాళ్ళ రోజు సిగ్నలే ఉండదని ఆయన అన్నాడు. అదీ నిజమే. చివరికి నాకు మిగిలిన ఆశ ఒక్కటే: వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఆ బోర్డు మీదే రాయడం. అమెరికాలో పసడేనా అనే ఊర్లో 1993లో పాతబజారుకు పార్కింగ్ మీటర్లు పెట్టబోతే దుకాణదారులు ఎదురు తిరిగారట. ఆ డబ్బంతా ఆ బజారుకే, కాలిబాటలకూ దీపాలకూ చెట్లకూ ఖర్చు పెడతామన్నాక ఒప్పుకున్నారు. తాడు కట్టిన చోట తాగునీరు, తాళం లేని మరుగుదొడ్డి, చీకటి పడ్డాక ఒక దీపం ఉంటే యాభై రూపాయలకు మా బావ కూడా సణగడని నా నమ్మకం.

పుణ్యక్షేత్రాల్లో ఊరివాళ్ళ బండ్లకు రుసుము ఉండకూడదన్న మాట నాకు సమ్మతమే. దుమ్మూ హారన్ల మోతా భరించేది వాళ్ళు కనుక అది దయ కింద లెక్క కాదు. చిక్కల్లా, ఊరివాడన్న స్టిక్కరు ఇవ్వడం మొదలైన మరుసటి రోజు నుంచి మేనమామలకూ బామ్మర్దులకూ అవి దొరుకుతాయి. ఇక ఒంటిమిట్ట లాంటి చోట రాములవారి కల్యాణం ఒక్క రాత్రి సంగతి; ఆ ఒక్క రాత్రి కోసం ఏడాది పొడవునా రేటు పెట్టడం అర్థం లేని పని. అటువంటి రోజుల్లో చుట్టుపక్కల బీడుపెట్టిన పొలాల యజమానులు తమ నేలలో బండ్లు పెట్టించుకొని నాలుగు డబ్బులు చేసుకుంటే దాన్ని నేను దోపిడీ అనను. సొంత నేల, సొంత ధర, గిట్టకపోతే పక్క పొలం ఉంది. పంచాయతీ అక్కడికీ వచ్చి వాటా అడగకుంటే చాలు.

ఇదంతా విన్నాక బావ ఒక్క ప్రశ్న వేశాడు: "సరే, ఆ ఆసుపత్రి వీధిలో గంటకు ఎంత పెడతావు?" మొదటి గంటకు 20, రెండో గంట నుంచి 30 అన్నాను. "నువ్వే ఇయ్యవు పో" అని ఆయన తేల్చేశాడు. మొన్న అమ్మను మళ్ళీ తీసుకుపోయినప్పుడు ఆ వీధిలో చోటు వెతికే ఓపిక లేక, దూరంగా ఒక ఖాళీ జాగాలో కారు వదిలి, ఇద్దరం ఆటోలో ఆసుపత్రికి పోయి ఆటోలోనే తిరిగి వచ్చాం. పోను 30, రాను 30. కారు తలుపు తీస్తున్నప్పుడు గానీ తట్టలేదు, నేను పెట్టమన్న ధరను నేను అప్పటికే కట్టేశానని. ఆ సంగతి బావకు ఫోను చేసి చెబితే ఆయన అడిగింది ఒక్కటే, ఆటోవాడు రసీదు ఇచ్చాడా అని.